మెహందీ పెట్టుకునే ముందు తెలుసుకోవలసిన విషయాలు

ఇస్లాం సహజ స్వభావ ధర్మం. మనిషి హృదయంలో అల్లాహ్ ఉంచిన కోరికలను అది అణచివేయదు. వాటికి హద్దులు నిర్ణయించి సరైన దారిలో నడిపిస్తుంది. అలంకరించుకోవాలనే కోరిక కూడా అలాంటిదే. అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన అలంకరణ వస్తువులను నిషేధించే అధికారం ఎవరికుందని దివ్యఖుర్ఆన్ అల్ అఅరాఫ్ సూరా 32వ ఆయత్‌లో ప్రశ్నిస్తోంది. స్త్రీల కోసం అల్లాహ్ ప్రసాదించిన అలాంటి అలంకరణల్లో ఒకటి మెహందీ. ఆంధ్ర ప్రాంతంలో దీన్ని గోరింటాకు అంటారు, తెలంగాణలో మైదాకు అంటారు, అరబీలో హిన్నా అంటారు. పేరు ఏదైనా ఆకు ఒక్కటే.

ఒకప్పుడు మన ఇళ్ళలో ఈ విషయమై పెద్దగా చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. పెరట్లోనో, పక్కింటి దడి దగ్గరో గోరింట చెట్టు ఉండేది. ఆషాఢ మాసంలో పొరుగింటి హిందూ సోదరీమణులు, పండుగలకు మన స్త్రీలు అదే చెట్టు ఆకు కోసుకొని రోట్లో రుబ్బుకునేవారు. చేతికి పెట్టుకునేది ఏమిటో అందరికీ కళ్ళెదుటే కనిపించేది. ఇప్పుడు రోలు పోయి కోన్ వచ్చింది. చాంద్ రాత్ నాడు బజారులో బండి మీద కోన్లు గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. వాటిలో ఏముందో కొనేవారికీ తెలియదు, చాలాసార్లు అమ్మేవారికీ తెలియదు. "పది నిమిషాల్లో ఎర్రన", "గంటలో నల్లన" అనే మాటలు వినగానే మన అమ్మాయిలు చేతులు చాచేస్తున్నారు.

ఇక్కడే మనం ఒక నియమాన్ని గుర్తుంచుకోవాలి. షరీఅత్ ఆదేశం వస్తువు పేరును బట్టి ఉండదు, ఆ వస్తువు వాస్తవ స్థితిని బట్టి ఉంటుంది. మెహందీ హలాల్. కాని మెహందీ పేరుతో అమ్మేదల్లా మెహందీ కాదు. పేరు చూసి పెట్టుకుంటే రెండు నష్టాలు జరగవచ్చు. ఒకటి, అల్లాహ్ అమానతుగా ఇచ్చిన శరీరానికి హాని. రెండు, వుజూ నెరవేరక నమాజుకే ముప్పు. ఈ రెండింటినీ దృష్టిలో ఉంచుకొని, మెహందీ పెట్టుకునే ముందు ప్రతి ముస్లిం కుటుంబం తెలుసుకోవలసిన విషయాలను మేము ఇక్కడ వివరిస్తున్నాము.

షరీఅత్ దృష్టిలో మెహందీ

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలంలో స్త్రీలు మెహందీ పెట్టుకునేవారు. ఒక స్త్రీ తెర వెనుక నుండి ఉత్తరం అందించబోగా, ఆ చెయ్యి పురుషునిదో స్త్రీదో తెలియడం లేదని ఆయన (స) అన్నారనీ, అది స్త్రీ చెయ్యేనని ఆమె చెప్పినప్పుడు గోళ్ళకైనా మెహందీ పెట్టుకొని ఉండవలసిందని సూచించారనీ హజ్రత్ ఆయిషా (రజి అల్లాహు అన్హా) ద్వారా అబూదావూద్, నసాయీ గ్రంథాలలో ఒక ఉల్లేఖనం ఉంది. హదీసువేత్తలు దీని పరంపరపై చర్చించారు. అయినా స్త్రీలకు మెహందీ ధర్మసమ్మతమనే విషయంలో ధర్మపండితుల మధ్య భేదాభిప్రాయం లేదు. వివాహిత తన భర్త కోసం పెట్టుకోవడం ప్రశంసనీయమని ఫుఖహా (ధర్మశాస్త్రవేత్తలు) రాశారు.

మెహందీ అలంకరణే కాదు, ఔషధం కూడా. దైవప్రవక్త (స) గారి సేవకురాలు హజ్రత్ సల్మా (రజి) ఉల్లేఖనం తిర్మిజీలో ఉంది. ఆయనకు గాయమైనా, ముల్లు గుచ్చుకున్నా దానిపై మెహందీ పెట్టమనేవారని ఆమె తెలిపారు. కాబట్టి వైద్యం కోసమైతే పురుషులకు కూడా అనుమతి ఉంది.

నెలసరి సమయంలో మెహందీ పెట్టుకోకూడదనీ, పెట్టుకుంటే గుస్ల్ నెరవేరదనీ కొన్ని ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది. దీనికి ఆధారం లేదు. ఒక స్త్రీ ఇదే ప్రశ్న అడిగినప్పుడు, తాము దైవప్రవక్త (స) ఉండగానే పెట్టుకునేవారమనీ, ఆయన వారించలేదనీ హజ్రత్ ఆయిషా (రజి) సమాధానమిచ్చినట్లు ఇబ్నె మాజాలో ఉంది.

అసలు మెహందీ ఎలా పండుతుంది?

గోరింట ఆకులో లాసోన్ అనే సహజమైన రంగు పదార్థం ఉంటుంది. ఆకు తూకంలో అది సుమారు ఒక శాతం మాత్రమే. ఆకును రుబ్బి లేదా ఎండబెట్టి పొడి చేసి, నిమ్మరసం వంటి పులుపుతో తడిపి నానబెడితే ఈ రంగు బయటికి వస్తుంది. చర్మం పైపొరలో ఉండే నిర్జీవ కణాలకు అది పట్టుకుంటుంది. ఆ కణాలు రాలిపోయేకొద్దీ రంగు కూడా వెలిసిపోతుంది. అందుకే మెహందీ రంగు ఒకటి నుండి మూడు వారాలకు మించి నిలవదు. అరచేతులలో, అరికాళ్ళలో ఈ పైపొర మందంగా ఉంటుంది కనుక అక్కడ ముదురుగా పండుతుంది. ముంజేతిపై, మోచేతిపై లేతగా ఉంటుంది. "మా అమ్మాయికి మోచేతి మీద పండలేదు, ఆకు మంచిది కాదు" అనుకోవడం పొరపాటు.

పచ్చబొట్టుకూ మెహందీకీ ఉన్న తేడా ఇదే. పచ్చబొట్టులో సూదితో చర్మం లోపలి పొరలోకి రంగు ఎక్కిస్తారు. పచ్చబొట్టు పొడిచేవారినీ, పొడిపించుకునేవారినీ దైవప్రవక్త (స) శపించారు. మెహందీలో సూది లేదు, అది చర్మం పైనే ఉండి పోతుంది. అందుకే అది నిషిద్ధం కాలేదు. ఈ రోజుల్లో కొందరు దీన్ని "హెన్నా టాటూ" అంటున్నారు. ఆకుతో పెట్టినదైతే ఆ పేరు వల్ల అది హరామ్ అయిపోదు. అలాగే సూదితో పొడిచిన దానికి హెన్నా అని పేరు పెట్టినంత మాత్రాన అది హలాల్ అయిపోదు.

అసలైన మెహందీకి కొన్ని గుర్తులున్నాయి. ముద్ద ఆకుపచ్చగానో, పచ్చ కలిసిన గోధుమ రంగులోనో ఉంటుంది. ఎండుటాకు వాసన వస్తుంది. కొన్ని గంటలు ఉంచి తీసేసినప్పుడు మొదట నారింజ రంగు కనిపిస్తుంది. తర్వాత 24 నుండి 48 గంటలలో గాలి తగిలి ఎర్రగా, ముదురు గోధుమ రంగులోకి మారుతుంది. పది నిమిషాల్లో ముదురు ఎరుపు, గంటలో నలుపు రావడం ఆకు స్వభావంలో లేదు. ఒక్క మాటలో చెప్పాలంటే, సహజమైన నల్ల మెహందీ అనేది లేదు.

మరో విషయం. నానబెట్టిన సహజ మెహందీ ముద్ద మామూలు వేడిలో కొద్ది రోజులకే తన శక్తి కోల్పోతుంది. అందుకే సహజమైన కోన్ తయారు చేసేవారు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి అమ్ముతారు. నెలల తరబడి దుకాణంలో వేలాడి, ఇంటికి తెచ్చాక కూడా ఎర్రగా పండే కోన్‌లో ఆకు కాక మరేదో పని చేస్తోందని అర్థం చేసుకోవాలి.

పేరు మెహందీ, సరుకు వేరు

ఆ "మరేదో" ఏమిటి? నల్ల మెహందీ అని అమ్మేవాటిలో ఎక్కువగా కలిపేది పారాఫినైలిన్ డయమిన్ అనే రసాయనం. దీన్ని పి.పి.డి. అంటారు. ఇది తలకు వేసే నల్ల రంగులలో వాడే పదార్థం. ఐరోపా సంఘం చట్టం ప్రకారం తలరంగులో, తలకు పట్టించే సమయానికి ఇది 2 శాతం మించకూడదు. చర్మం మీద పూసే అలంకరణలలో అసలు వాడకూడదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా చర్మంపై దీని వాడకాన్ని అనుమతించదు. అలాంటి పదార్థాన్ని కొలత, లెక్క లేకుండా కలిపి మన ఆడపిల్లల చేతుల మీద గంటల తరబడి ఉంచుతున్నారు.

దీని వల్ల దురద, వాపు, ఎర్రటి దద్దుర్లు, నీటి పొక్కులు వస్తాయి. డిజైన్ ఎలా వేశారో అలాగే గీతలు గీతలుగా పొక్కులు లేస్తాయి. కొందరికి ఆ మచ్చలు చాలాకాలం పోవు. అసలు ప్రమాదం ఏమిటంటే, మొదటిసారి పెట్టుకున్నప్పుడు ఏమీ కాకపోవచ్చు. కాని శరీరం ఆ రసాయనాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత మళ్ళీ తగిలినప్పుడు ఒకటి రెండు రోజులలోనే తీవ్రంగా బయటపడుతుంది. ఒకసారి ఇలా అయినవారికి ఈ సమస్య జీవితాంతం ఉంటుంది. తలరంగులు, కొన్ని బట్టల రంగులు, కొన్ని మత్తు మందులు కూడా వారికి పడకపోవచ్చు. పదేళ్ళ పాప చేతిపై ఒక పండుగ రాత్రి చేసిన తొందరపాటు ఆమె నడివయసు వరకూ వెంటాడుతుందన్నమాట.

కొన్ని కోన్లలో రంగు త్వరగా ఎక్కాలని కిరోసిన్, పెట్రోలు వంటి ద్రావకాలు, కృత్రిమ రంగులు కలుపుతారు. కోన్ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటైన వాసన వస్తుంది.

తనకు తాను హాని చేసుకోకూడదు, ఇతరులకు హాని చేయకూడదు అనేది దైవప్రవక్త (స) బోధించిన మూల సూత్రం. దీని ఆధారంగా ఫుఖహా ఎన్నో తీర్పులు ఇచ్చారు. హాని కలిగిస్తుందని తెలిసిన పదార్థాన్ని అందం కోసం ఒంటికి పూసుకోవడం ధర్మసమ్మతం కాదు. అది మెహందీ అనే పేరు పెట్టుకొని వచ్చినా సరే.

ఇదే మాట పురుషులకూ వర్తిస్తుంది. మక్కా విజయ దినాన హజ్రత్ అబూబక్ర్ (రజి) గారి తండ్రి అబూ ఖుహాఫా (రజి)ను తీసుకువచ్చినప్పుడు ఆయన తల, గడ్డం తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపును మార్చమనీ, నలుపును మాత్రం వదిలేయమనీ దైవప్రవక్త (స) ఆదేశించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) స్వయంగా మెహందీ, కతమ్ అనే ఆకు కలిపి వాడేవారు. అయినా నేడు మన పెద్దలు కొందరు "నల్ల మెహందీ" పొట్లాలు తెచ్చి గడ్డానికి పెట్టుకుంటున్నారు. వాటిలో నలుపు తెచ్చేది చాలామట్టుకు ఆ పి.పి.డి.యే. ధర్మం వద్దన్న చోటే ఆరోగ్యానికీ ముప్పు ఉండటం ఆలోచనాపరులకు ఒక పాఠం.

వుజూ, గుస్ల్ విషయం: రంగు వేరు, పొర వేరు

సోదరీమణులు తరచుగా అడిగే ప్రశ్న: "మెహందీ ఉంటే వుజూ అవుతుందా?" దీనికి సమాధానం ఒక చిన్న తేడాలో ఉంది. అరబీలో రంగును లౌన్ అంటారు, మందం గల పదార్థాన్ని జిర్మ్ అంటారు. వుజూకు అడ్డం వచ్చేది జిర్మ్ మాత్రమే, లౌన్ కాదు. మెహందీ ముద్ద తీసేశాక చేతిపై మిగిలేది రంగు. నీరు చర్మానికి చేరుతుంది. కనుక వుజూ, గుస్ల్ రెండూ నెరవేరుతాయి. గోళ్ళ రంగు అలా కాదు, అది గోరును కప్పే పొర. దాన్ని తీయనిదే వుజూ కాదు.

ముద్ద ఎండి చేతికి అంటుకొని ఉండగా దాని మీదే నీళ్ళు పోసుకుంటే వుజూ కాదు. గోళ్ళ అంచులలో, వేళ్ళ సందులలో ఎండిన ముద్ద మిగిలిపోతుంది. దాన్ని శుభ్రం చేసుకోవాలి. ఒక వ్యక్తి కాలి మీద గోరంత చోటు తడవకుండా మిగిలిపోతే, వెళ్ళి వుజూ సరిగా చేసుకొని రమ్మని దైవప్రవక్త (స) ఆదేశించిన సంఘటన హజ్రత్ ఉమర్ (రజి) ద్వారా సహీహ్ ముస్లింలో ఉంది. గోరంత చోటుకే ఇంత శ్రద్ధ ఉంటే, అరచేయంతా పొర కప్పితే ఏమనాలి?

ఎందుకీ మాట అంటున్నామంటే, ఇప్పటి కొన్ని కోన్ల రంగు రెండు మూడు రోజుల తర్వాత ప్లాస్టిక్ కాగితంలా పెచ్చులుగా ఊడుతోంది. ఇది రెండు రకాలుగా ఉండవచ్చు. రసాయనం వల్ల చర్మం పైపొరే ఊడుతుంటే, అది శరీర భాగమే కనుక వుజూకు అడ్డం కాదు, అయితే చర్మానికి హాని జరిగిందని అర్థం. అలా కాక కోన్‌లోని పదార్థమే చేతిపై పొరగా పేరుకొని, నీటిని చర్మం వరకు పోనివ్వకపోతే వుజూ, గుస్ల్ నెరవేరవు. ఆ పొరను తీసేయాలి. హాని లేకుండా తీయడం సాధ్యం కాకపోతే తమ పరిస్థితిని దగ్గరలోని నమ్మకమైన ముఫ్తీ గారికి వివరించి తెలుసుకోవాలి.

ఇంట్లో చేసుకోదగ్గ సులువైన పరీక్ష ఒకటుంది. స్టీలు పళ్ళెం మీద కోన్‌తో ఒక గీత గీసి, పూర్తిగా ఎండాక నీళ్ళతో రుద్ది కడగండి. ఆకు ముద్ద అయితే కరిగి పోతుంది, ఎందుకంటే స్టీలుకు అది పట్టుకోదు. రంగు పొర పళ్ళేనికే అంటుకొని ఉంటే అలాంటి కోన్‌ను వదిలేయడమే క్షేమం. సందేహాస్పదమైన దానిని వదిలి సందేహం లేని దానిని ఎన్నుకోవడం మన ధర్మం నేర్పిన పద్ధతి.

నమాజ్ వేళ మెహందీ చేతులు

ఇది ఇంకా ముఖ్యమైన విషయం. రెండు చేతుల నిండా మెహందీ పెట్టుకొని అస్ర్, మగ్రిబ్, ఇషా నమాజులు ఖజా చేసే సోదరీమణులున్నారు. పండుగ రాత్రి, పెళ్ళింట్లో ఇది మరీ ఎక్కువ. మెహందీ ముస్తహబ్ అయితే కావచ్చు, నమాజ్ ఫర్జ్. ముస్తహబ్ కోసం ఫర్జ్‌ను వదిలేవారు ఎంత నష్టపోతున్నారో ఆలోచించండి. నీళ్ళు తగిలితే రంగు పోతుందని తయమ్ముమ్ చేయడం కూడా కుదరదు. రంగు చెడిపోవడం తయమ్ముమ్‌కు కారణం కాదు.

సహాబా కాలపు స్త్రీలు దీనికి చక్కని మార్గం చూపారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తమ ఇంటి స్త్రీల గురించి చెప్పిన మాట దారిమీలో ఉంది. వారు రాత్రి మెహందీ పెట్టుకొని, తెల్లవారగానే తీసి వుజూ చేసి నమాజ్ చేసేవారు. కావాలంటే మళ్ళీ పెట్టుకొని జుహ్ర్‌కు తీసేవారు. రంగూ బాగా పండేది, నమాజూ పోయేది కాదు.

కనుక ఇషా నమాజ్ చేసుకున్న తర్వాత పెట్టుకోండి. ఫజ్ర్ వరకు ఏడెనిమిది గంటల సమయం దొరుకుతుంది. మెహందీ పండటానికి నాలుగైదు గంటలు చాలు. ఫజ్ర్‌కు లేచి ముద్దను గీకి తీసేయండి. రంగు పాడవుతుందని భయముంటే కొంచెం కొబ్బరి నూనె రాసుకొని వుజూ చేసుకోండి. పలుచని నూనె జిడ్డు వుజూకు అడ్డం కాదు. నీరు ఆ భాగమంతా పారితే చాలు.

కొనే ముందు, పెట్టుకునే ముందు

1. వీలైతే ఆకు కోసుకొని రుబ్బుకోండి, లేదా కల్తీలేని ఆకు పొడి కొనండి. రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ ప్రాంతం మెహందీ పంటకు ప్రసిద్ధి. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే పొట్లం మీద సోజత్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి; పొడి రంగు, వాసన చూడండి.

2. పొడిని పలుచని బట్టలో జల్లించి, నిమ్మరసం, కొంచెం చక్కెర కలిపి ఆరు నుండి పది గంటలు మూతపెట్టి నాననివ్వండి. నీలగిరి తైలం రెండు మూడు చుక్కలు వేయడం కొందరికి అలవాటు. అదీ కొద్దిగానే, చిన్న పిల్లలకైతే వద్దు.

3. కోన్ కొంటే దానిపై తయారీదారు పేరు, చిరునామా, అందులో కలిపిన పదార్థాలు, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. ఇవేమీ లేని కోన్‌ను కొనకండి. చౌకగా వచ్చినా, ఉచితంగా ఇచ్చినా వద్దు.

4. ముద్ద నల్లగా ఉన్నా, ఘాటు వాసన వస్తున్నా, గంటలో పండుతుందని చెప్పినా వదిలేయండి.

5. కొత్త పొడి లేదా కోన్ ఏదైనా మణికట్టు లోపలి వైపు ఒక చిన్న చుక్క పెట్టి రెండు రోజులు చూడండి. ఇది పండుగకు ముందే చేయాలి, చాంద్ రాత్ నాడు కాదు. ఇంతకు ముందే చెప్పినట్లు పి.పి.డి. మొదటిసారి బయటపడకపోవచ్చు. కనుక నల్ల మెహందీ విషయంలో ఈ పరీక్షను నమ్ముకోకూడదు. దాన్ని పరీక్షించడం కాదు, ముట్టుకోకపోవడమే మంచిది.

6. పుండ్లు, గాయాలు, తామర ఉన్న చోట అలంకరణ కోసం పెట్టుకోకండి.

ఎవరు పెట్టుకోకూడదు?

కొందరి రక్తంలో జి6పి.డి. అనే ఎంజైమ్ లోపం పుట్టుకతోనే ఉంటుంది. అలాంటి వారికి సహజమైన మెహందీ కూడా ప్రమాదకరం కావచ్చు. లాసోన్ చర్మం ద్వారా లోపలికి వెళ్ళి ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. బట్టల్లో వేసే కలరా ఉండలకు దూరంగా ఉండమని డాక్టర్లు వీరికే చెబుతారు. పసిపిల్లలలో దీని ప్రభావం తీవ్రంగా ఉంటుంది: పచ్చకామెర్లు, రక్తహీనత, ప్రాణాపాయం కూడా. పుట్టిన బిడ్డకు ఈ లోపం ఉందో లేదో చాలా ఇళ్ళలో తెలియదు. కాబట్టి ముద్దు కోసమో, ఆచారం కోసమో పసిబిడ్డల చేతులకు, పాదాలకు, తలకు మెహందీ పెట్టకండి.

షరీఅత్ పరంగా కూడా కొన్ని సందర్భాలలో మెహందీకి దూరంగా ఉండాలి. భర్త చనిపోయిన స్త్రీ ఇద్దత్ కాలమంతా, అంటే 4 నెలల 10 రోజులు, గర్భవతి అయితే ప్రసవం వరకు, మెహందీ పెట్టుకోకూడదు. హనఫీ ఫుఖహా ప్రకారం తలాఖె బాయిన్ ఇద్దత్‌లోనూ ఇదే ఆదేశం. ఇతర బంధువులు చనిపోయినప్పుడు 3 రోజులకు మించి అలంకరణ మానుకోవడం సరికాదు. ఇద్దత్ ముగిశాక కూడా వితంతువు మెహందీ పెట్టుకోకూడదని అనేవారు షరీఅత్‌లో లేని మాట అంటున్నారు. ఆ సోదరిని ఆ మాటలతో బాధపెట్టకండి.

హజ్, ఉమ్రాకు వెళ్ళేవారు ఇహ్రామ్‌లో మెహందీ పెట్టుకోకూడదు. హనఫీ మస్లక్‌లో మెహందీని సుగంధ ద్రవ్యంగా లెక్కిస్తారు. కావాలంటే ఇహ్రామ్‌కు ముందే పెట్టుకోవాలి.

పురుషులు అలంకరణగా చేతులకు, కాళ్ళకు మెహందీ పెట్టుకోవడం ధర్మసమ్మతం కాదు. స్త్రీలను అనుకరించే పురుషులను దైవప్రవక్త (స) శపించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. పెళ్ళికొడుకు దీనికి మినహాయింపు కాదు. చిన్న మగపిల్లలకు పెట్టడాన్ని కూడా ఫుఖహా మక్రూహ్ అన్నారు. వాడికేం తెలుసు అంటాము. కాని పెట్టే మనకు తెలుసు కదా!

డిజైన్‌కు కూడా హద్దులున్నాయి

ఆకులు, పువ్వులు, తీగలు, గీతలు వేసుకోవచ్చు. నెమళ్ళు, పక్షులు, పెళ్ళికూతురు పెళ్ళికొడుకుల ముఖాలు వంటి ప్రాణుల బొమ్మలు వేయించుకోకూడదు. అల్లాహ్ పేరు, ఖుర్ఆన్ ఆయత్‌లు కూడా చేతిపై రాయించుకోకండి. ఆ చేతితోనే మరుగుదొడ్డికి వెళ్ళాలి, శుభ్రం చేసుకోవాలి. అది భక్తి కాదు, అగౌరవం.

బజారులో కూర్చున్న పరాయి పురుషుల చేతికి మన ఆడపిల్లల చేతులు అప్పగించడం ఎంతమాత్రం తగదు. గంటసేపు చెయ్యి పట్టుకొని డిజైన్ వేస్తుంటే అన్నలు, తండ్రులు పక్కనే నిలబడి డబ్బులు లెక్కపెట్టడం చూస్తున్నాము. మన వీధిలోనే ఈ పని తెలిసిన సోదరి ఉంటుంది. ఆమె దగ్గర పెట్టించుకుంటే పర్దా నిలుస్తుంది, ఆమెకు నాలుగు డబ్బులు వస్తాయి.

పొక్కులు వస్తే ఏం చేయాలి?

మంట, దురద మొదలైతే వెంటనే సబ్బుతో, ధారాళంగా నీళ్ళతో కడిగేయండి. గోకకండి, పొక్కులు చిదమకండి. సున్నం, టూత్‌పేస్టు, పసర్లు పూయకండి. కోన్ పారేయకుండా వెంట తీసుకొని చర్మ వైద్యుణ్ణి కలవండి. ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇక ముందు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఈ విషయం చెప్పాలి. నల్ల తలరంగు వాడకూడదు. నీళ్ళు తగిలితే హాని అని డాక్టరు చెబితే, ఆ చోటు వరకు తడి చేత్తో మసహ్ చేసి మిగతా వుజూ మామూలుగా చేసుకోవచ్చు. అదీ హాని అయితే ఆ చోటును వదిలేయవచ్చు.

జాగ్రత్త వేరు, భయాందోళన వేరు. 2012 ఆగస్టులో రమజాన్ పండుగ రాత్రి మెహందీ పెట్టుకున్నవారు చనిపోతున్నారనే పుకారు దక్షిణ భారతంలోని అనేక ఊళ్ళలో పాకింది. అర్ధరాత్రి స్త్రీలు, పిల్లలు ఆసుపత్రులకు పరుగులు తీశారు. వార్త వస్తే ముందు నిర్ధారించుకోమని అల్ హుజురాత్ సూరా 6వ ఆయత్ మనకు ఆదేశిస్తోంది. ఫోన్‌లో వచ్చిన ప్రతి సందేశాన్నీ పది మందికి పంపడం కాదు, మన చేతిలోని కోన్‌ను మనం పరీక్షించుకోవడమే అసలైన జాగ్రత్త.

కోన్లు తయారు చేసే సోదరీమణులతో ఒక మాట

ఇంట్లో కోన్లు చేసి పిల్లల ఫీజులు కట్టుకునే సోదరీమణులు ఎందరో ఉన్నారు. అల్లాహ్ వారి సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక! మీరు అమ్మేది ఒకరి వుజూతో, ఒకరి చర్మంతో ముడిపడిన వస్తువు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని పైనే ఎందుకు ఉంచలేదని అడిగి, మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని ఆయన (స) హెచ్చరించారు. ఎక్కడో కొన్న రంగు డబ్బా కలిపి "సహజమైనది" అని అమ్మితే, అది పొడి ధాన్యం కింద తడి ధాన్యం దాచడం లాంటిదే. ఏం కలిపారో, ఎప్పుడు చేశారో కోన్‌పై ఒక చీటీ అంటించండి. రంగు కాస్త ఆలస్యంగా పండుతుందని నిజం చెప్పండి. నిజం చెప్పి అమ్మిన కోన్ ఇబాదత్ అవుతుంది.

చివరగా తల్లిదండ్రులకు మా విన్నపం. పండుగకు పది రోజుల ముందే మెహందీ విషయం ఇంట్లో మాట్లాడండి. ఎక్కడ కొంటారు, ఎవరు పెడతారు, ఏ వేళ పెడతారు అన్నది ముందే నిర్ణయించుకోండి. కూతురు చేయి పట్టుకొని ఇది రంగు, ఇది పొర అని తేడా చూపించండి. అలా ఆమెకు మెహందీతో పాటు వుజూ కూడా నేర్పినవారవుతారు.

మన అలంకరణను ధర్మసమ్మతంగా, మన శరీరాలను ఆరోగ్యంగా, మన నమాజులను స్వీకారయోగ్యంగా ఉంచమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.